సిరంజిలో ఏముందో పైకి చదవండి

ఆపరేషన్ థియేటర్లో మందులన్నీ నీళ్ళలాగే ఉంటాయి. పాలలా తెల్లగా ఉండే ప్రొపొఫాల్ తప్ప దాదాపు అన్నీ అంతే. కండరాలను కదలకుండా చేసేది, గుండెను పరుగెత్తించేది, నొప్పి తెలియనివ్వనిది, మత్తు వదిలించేది, ఒకసారి సిరంజిలోకి లాగాక దేన్నీ కంటితో పోల్చుకోలేం. థియేటర్ సిస్టర్‌గా ఇరవై ఆరేళ్ళ నుంచి రోజూ పొద్దున్నే ఆ మందుల ట్రే పరుస్తున్నాను. ఇప్పటికీ నా కంటిని నేను నమ్మను.

ఇది మా నాన్న దగ్గర నేర్చుకున్నదే. మాది శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి. నాన్న నౌపడ ఉప్పు మళ్ళలో పనిచేసేవాడు. ఎండాకాలం నేను చద్దన్నం పట్టుకెళ్ళేసరికి మడి తర్వాత మడి, అన్నింటిలోనూ ఒకే రకం నీళ్ళు కనిపించేవి. ఒక మడిలోది అప్పుడే తోడిన సముద్రపు నీరు, ఇంకో మడిలోది మర్నాటికి ఉప్పు గట్టే నీరు. నాన్న ఎన్నేళ్ళ అనుభవం ఉన్నవాడైనా చూసి చెప్పేవాడు కాదు. గీతలున్న గాజు గొట్టం ఒకటి నీళ్ళలో ముంచి, ఎంత లోతుకి తేలిందో చూసేవాడు. గొట్టం మీది 25 డిగ్రీల గీత దగ్గరికొస్తేనే ఉప్పు గడుతుంది. “కళ్ళు మోసం సేస్తాయే తల్లీ, గొట్టం ముంచి సూడాల” అనేవాడు. మందు సీసా మీది లేబులే మాకు ఆ గొట్టం. దాన్ని చదవకుండా మందు లాగడమంటే చూపుతో ఉప్పునీరు కొలవడమే.

ఆపరేషన్లో తప్పంటే జనానికి కత్తి గుర్తొస్తుంది. కడుపులో గాజుగుడ్డ మరిచిపోయారని పేపర్లో పడితే ఊరంతా చదువుతుంది. మందు పొరపాటు పేపర్లోకి ఎక్కదు, ఎందుకంటే చాలాసార్లు అది జరిగినట్టు ఎవరికీ తెలియదు. బీపీ కాసేపు పడిపోతుంది, సర్దుకుంటుంది. పేషెంటు లేవాల్సిన దానికన్నా గంట ఆలస్యంగా లేస్తాడు. “ఒళ్ళు తీరు” అనుకుని వదిలేస్తాం. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి, 1846లో ఈథర్ మత్తును ప్రపంచానికి చూపించిన ఆసుపత్రి, తన థియేటర్లలోనే ఒకసారి లెక్క తీయించింది. పరిశీలకుల్ని పక్కన నిలబెట్టి 277 ఆపరేషన్లలో 3,671 సార్లు మందు ఇవ్వడాన్ని గమనించారు. 193 సార్లు పొరపాటో, మందు వల్ల హానో కనిపించింది. దాదాపు ఇరవై సార్లకు ఒకసారి. 2016లో ఆ లెక్కను వాళ్ళే అచ్చువేసుకున్నారు. అన్నీ ప్రాణం మీదకొచ్చినవి కావు. సిరంజికి పేరు అంటించకపోవడం కూడా అందులో ఒక లెక్కే. కానీ అంత పేరు, అన్ని యంత్రాలు ఉన్న చోటే అంత ఉంటే, రాత్రి రెండింటికి ఒక్క సిస్టర్, ఒక్క మత్తు డాక్టరు మీద నడిచే మా థియేటర్ల సంగతి ఏమని చెప్పను?

వార్డులో మందు ఇవ్వడానికీ మా దగ్గర ఇవ్వడానికీ చాలా తేడా ఉంది. వార్డులో డాక్టరు రాస్తారు, ఫార్మసీ ఇస్తుంది, నర్సు చూసి వేస్తుంది. మూడు చేతులు మారతాయి కాబట్టి ఎక్కడో ఒకచోట తప్పు దొరుకుతుంది. థియేటర్లో మత్తు డాక్టరే నిర్ణయిస్తారు, తామే లాగుతారు, తామే ఎక్కిస్తారు. లేకపోతే “సిస్టర్, అట్రోపిన్” అని నోటితో అడుగుతారు, మేము అందిస్తాం. మధ్యలో కాగితం ఉండదు. చేతులు ఖాళీ ఉండవు. మానిటర్ మోగుతూ ఉంటుంది. మందు నరంలోకి పోయాక వెనక్కి తీసే దారి లేదు.

నా చేతుల మీదుగా జరిగింది చెప్తాను. 2011లో, ఊరికి దూరంగా ఒక ఆసుపత్రిలో చేసేదాన్ని. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. ఉద్దానం నుంచి వచ్చిన ఒక కొబ్బరితోట కూలీకి ఫిస్టులా ఆపరేషన్. డయాలసిస్ చెయ్యడానికి చేతిలోని రక్తనాళాల్ని, ధమనినీ సిరనూ, కలిపి కుడతారు. నలభై ఏళ్ళుంటాయేమో, మనిషి 45 కిలోలకు మించడు. నాళం మూసేముందు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇవ్వాలి. సర్జన్ గారు “2,500 యూనిట్లు” అన్నారు. నా చెయ్యి అలవాటుగా రెండున్నర మిల్లీలీటర్లు లాగింది. అన్నేళ్ళూ మాకు వచ్చిన సీసాలో మిల్లీలీటరుకి వెయ్యి యూనిట్లు ఉండేవి. ఆ నెల సరుకు మారింది. అదే 5 మిల్లీలీటర్ల సీసా, అదే ఎత్తు, అదే మూత. లోపల మాత్రం మిల్లీలీటరుకి 5,000 యూనిట్లు. ఆ మనిషి ఒంట్లోకి 12,500 యూనిట్లు పోయాయి.

కుట్లు వేశాక కూడా రక్తం ఊరుతూనే ఉంది. గుడ్డ మార్చాం, మళ్ళీ తడిసింది. కిడ్నీ చెడినవాళ్ళకి రక్తం ఎలాగూ ఆలస్యంగా ఆగుతుందని సర్జన్ గారు ఇంకో పది నిమిషాలు నొక్కిపట్టారు. అప్పుడు కొత్తగా చేరిన ఒక అమ్మాయి, మందస వైపు పిల్ల, ట్రేలోంచి ఖాళీ సీసా తీసి నా కళ్ళ ముందు పట్టుకుంది. ఏమీ మాట్లాడలేదు. నేను చదివాను. కాళ్ళలో సత్తువ పోయింది. హెపారిన్‌కి విరుగుడు ప్రొటమిన్. అది తెప్పించి, ఎంత మందు పోయిందో లెక్క కట్టి ఇచ్చారు. రాత్రంతా ఆ మనిషి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. బతికాడు. ఆ ఫిస్టులాతోనే డయాలసిస్ చేయించుకున్నాడు.

మర్నాడు ఆ పిల్లని అడిగాను, ఎప్పుడు చూశావే అని. “మీరు లాగుతున్నప్పుడే చూశానక్కా. సీసా మీద వేరే అంకె ఉంది. మీరు పెద్దోళ్ళు కదా, తెలిసే లాగుతున్నారేమో అనుకున్నాను” అంది.

నేను చేసిన తప్పు కన్నా ఆ జవాబే నన్ను ఎక్కువ బాధించింది. నా ముందు నోరు విప్పలేని గదిని తయారుచేసింది నేనే. అంతకు ముందు వారమే, ఏదో అడిగితే అందరి ఎదుటా “పని చూసుకో” అని కసిరాను. ఆ కసురు ధర పన్నెండున్నర వేల యూనిట్లు.

ఆ రోజు మమ్మల్ని కాపాడింది పాతకాలపు మత్తు డాక్టరు ఒకాయన నేర్పిన అలవాటు. ఆపరేషన్ పూర్తై పేషెంటు వార్డుకి చేరేదాకా ఖాళీ సీసా, ఖాళీ ఆంపుల్ ఏదీ డస్ట్‌బిన్‌లో వెయ్యకూడదు. ట్రేలోనే ఉండాలి. ఏదైనా తేడా వస్తే ఏమిచ్చామో చెప్పేది ఆ ఖాళీ సీసాలే. నేను ఇప్పుడు పనిచేసే చోట, చేరే ప్రతి పిల్లకీ మొట్టమొదట నేర్పేది ఇదే.

హెపారిన్ సీసాలు ఇలా మోసం చెయ్యడం మా ఒక్క చోటే కాదు. 2007లో లాస్ ఏంజిలిస్‌లో హాలీవుడ్ నటుడు డెన్నిస్ క్వెయిడ్ కవల పసిబిడ్డలకు ఇవ్వాల్సినదానికి వెయ్యి రెట్లు హెపారిన్ పోయింది. రెండు సీసాలూ నీలం రంగు లేబుళ్ళతో ఒకేలా ఉండేవి. ఆ బిడ్డలు బతికారు. అంతకు ఏడాది ముందు ఇండియానాపొలిస్‌లో ముగ్గురు శిశువులు ఇదే పొరపాటుకి చనిపోయారు. ఆ లేబుళ్ళ గురించి దేశమంతా ఎక్కువగా మాట్లాడుకున్నది మాత్రం బతికినవాళ్ళ వల్లే.

మన దేశంలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇంకో జోడీ. సిజేరియన్‌కి వెన్నులోకి ఇచ్చే మత్తు మందు బుపివకైన్, మేము ‘హెవీ’ అంటాం. అది 4 మిల్లీలీటర్ల గాజు ఆంపుల్. రక్తస్రావం తగ్గించడానికి నరంలోకి ఇచ్చే ట్రానెక్సమిక్ యాసిడ్ 5 మిల్లీలీటర్ల గాజు ఆంపుల్. రెండూ తల్లి ప్రాణం కోసమే ఒకే గదిలో ఉంటాయి. రెండోది పొరపాటున వెన్నులోకి పోతే నడుం కింద మొద్దుబారదు. భరించలేని మంట, ఆ వెంటనే మూర్ఛలు, గుండె గతి తప్పడం. 2019లో అచ్చైన ఒక సమీక్షలో ఇలాంటి 21 మంది వివరాలు పోగుచేశారు. వాళ్ళలో పదిమంది చనిపోయారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని మీదే ప్రత్యేకంగా హెచ్చరిక పంపింది. మా దగ్గర వెన్ను మత్తు ఇచ్చే బల్ల మీదికి ట్రానెక్సా రానే రాదు. వేరే అరలో ఉంటుంది, బిడ్డ బయటికి వచ్చాకే తీస్తాం. హెవీ ఆంపుల్‌ని నేను పట్టుకుని పేరు, శాతం, గడువు తేదీ పైకి చదువుతాను. మత్తు డాక్టరు కూడా పైకి చదివాకే విరుస్తాను. ఎనిమిది సెకన్ల పని. వాచీ పెట్టి చూశాను.

నరానికి వాడే సిరంజి వెన్ను సూదికి అసలు పట్టకుండా వేరే కొలతతో చేసిన సిరంజిలు ఇప్పుడు ప్రపంచంలో వచ్చాయి. చెయ్యి పొరబడినా వస్తువు ఒప్పుకోదు. అవి మా చిన్న ఆసుపత్రులకి చేరాలని నా కోరిక. అంతవరకూ చేతిలో ఉన్నవి స్టిక్కరు, పెన్ను, నోరు.

స్టిక్కర్లకి అంతర్జాతీయంగా ఒప్పుకున్న రంగులున్నాయి. కండరాలను సడలించే మందుకి ఎరుపు, మార్ఫిన్ జాతికి నీలం, నిద్రపుచ్చే మందుకి పసుపు, బీపీ పెంచేదానికి ఊదా, అట్రోపిన్ లాంటివాటికి ఆకుపచ్చ, చోటు మొద్దుబార్చే మందుకి బూడిద రంగు. స్టిక్కర్లు అయిపోతే మైక్రోపోర్ ప్లాస్టర్ ముక్క మీద పేరూ, మిల్లీలీటరుకి ఎంతో కూడా రాస్తాం. ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయాలి. ‘U’ అని ఒక్క ఇంగ్లీషు అక్షరం రాస్తే హడావుడిలో అది సున్నాలా కనిపించి పది పక్కన సున్నా చేరి వంద అవుతుంది. రంగు చూసి ఇచ్చెయ్యడం కూడా ప్రమాదమే. ఎరుపు గుంపులో నాలుగు మందులుంటాయి. రంగు గుంపును చెప్తుంది, మందును చెప్పేది పేరే.

శాతం కూడా అంతే. ‘లిగ్నోకైన్ 2 శాతం’ అంటే మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు. 45 కిలోల మనిషికి కిలోకి నాలుగున్నర మిల్లీగ్రాముల చొప్పున మొత్తం 200 దాటకూడదు, అంటే పది మిల్లీలీటర్లు. సీసా 30 మిల్లీలీటర్లది. సీసా నిండా ఉంది కదా, నొప్పి అంటున్నాడు కదా అని ఇంకో అయిదు, ఇంకో అయిదు గుచ్చుకుంటూ పోతే మూర్ఛ వస్తుంది. మా వైపు చేపలవేటకీ జీడిపప్పు బట్టీలకీ పోయే మనుషులు ఎముకల గూళ్ళలా ఉంటారు. వాళ్ళని తూకం వెయ్యకుండా టేబుల్ ఎక్కించకూడదని నేను పట్టుబడతాను.

ఇంక ఉద్దానం మాట. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి, పనస తోటల పచ్చటి నేల. డాక్టర్ రవిరాజు గారి బృందం ఇక్కడ 2,210 మందిని పరీక్షిస్తే వందలో 18 మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కనిపించింది. వాళ్ళలో ఎక్కువమందికి షుగరూ లేదు, బీపీ కారణమూ కాదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. మంచిదే. కానీ ఉద్దానం మనిషి కిడ్నీ ఆసుపత్రికే పోడు. హెర్నియాకి పోతాడు, కాలు విరిగితే పోతాడు, కూతురు కాన్పుకి పోతుంది. అక్కడ తన కిడ్నీ సంగతి చెప్పకపోతే, సరైన మందు సరైన మోతాదులోనే ఇచ్చినా అది తప్పు మందే అవుతుంది.

ఎలాగో చెప్తాను. ఊపిరి గొట్టం వెయ్యడానికి తొందరగా పనిచేసే స్కోలిన్ అనే మందు రక్తంలో పొటాషియాన్ని లీటరుకి సుమారు అర మిల్లీమోల్ పెంచుతుంది. మామూలు మనిషికి లెక్కలోది కాదు. డయాలసిస్ తప్పి, పొటాషియం అప్పటికే ఆరు దాటినవాడికి గుండె ఆగే దారి. మార్ఫిన్ ఒంట్లో విరిగాక మిగిలే పదార్థాన్ని బయటికి పంపేది కిడ్నీయే. పంపలేకపోతే అర్ధరాత్రి వార్డులో ఊపిరి మందగిస్తుంది. నొప్పికి ఇచ్చే డైక్లోఫెనాక్, చీముకిచ్చే జెంటామైసిన్ మిగిలిన కాస్త కిడ్నీనీ తినేస్తాయి. దారి లేదని కాదు. అట్రాక్యూరియం అనే మందు కిడ్నీతో పనిలేకుండా రక్తంలోని వేడికే దానంతటదే విరిగిపోతుంది. మత్తు డాక్టరుకి ముందు తెలిస్తే ఆ సీసా తీస్తారు. తెలియాలి, అంతే. పొటాషియం మాట వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పాలి. పొటాషియం క్లోరైడ్ ఆంపుల్ పది మిల్లీలీటర్లది, పొడి మందులు కలిపే నీళ్ళ ఆంపుల్ కూడా పది మిల్లీలీటర్లదే. మా థియేటర్ ట్రేలో పొటాషియం ఉండదు. తాళం వేసిన అరలో ఉంటుంది, ఇద్దరు సంతకం పెట్టి తియ్యాలి.

కానీ మనవాళ్ళు చెప్పరు. ‘కిడ్నీ ఊరు’ అనే పేరు పడితే పిల్లలకి సంబంధాలు రావని దాచే ఇళ్ళు నాకు తెలుసు. ఒకసారి హెర్నియాకి వచ్చిన పెద్దాయన “ఏటీ నేదమ్మా, గేస్ మాత్రలేసుకుంటన్నాను” అన్నాడు. చొక్కా విప్పాక మోచేతి దగ్గర ఫిస్టులా మచ్చ కనిపించింది. ఆయన్ని నేను తప్పుపట్టలేను. మాత్రలు చూపించమంటే అల్యూమినియం ముక్కలు నాలుగు చూపించాడు. షాపులో రెండేసి కత్తిరించి ఇచ్చినవి. పేరున్న ముక్క షాపులోనే ఉండిపోయింది.

మత్తు మందు వల్ల మనిషి ఎందుకు పోతాడన్న ప్రశ్న తెలుగు నేల మీద కొత్తది కాదు. 1888, 1889లలో హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో క్లోరోఫాం మీద రెండు కమిషన్లు నడిపాడు. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువుల మీద పరీక్షలు జరిగాయి. అక్కడే చదివి క్లోరోఫాం ఇవ్వడం నేర్చుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలు అంటారు. ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు, క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయదని లారీ గట్టిగా చెప్పాడు. ఊపిరిని కనిపెట్టమన్నది నేటికీ మంచి మాటే. గుండె మాట మాత్రం తప్పని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు తేల్చాయి. అంత పెద్ద కమిషన్ చెప్పినదాంట్లోనూ తప్పు ఉండవచ్చు. పెద్దవాళ్ళు అన్నారు కాబట్టి ఊరుకోవడం మందుల విషయంలో పనికిరాదు.

శిక్షల గురించి కూడా నా మనసులో మాట చెప్తాను. 2017లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక నర్సు నిద్రమందు వెర్సెడ్ తియ్యబోయి, కంప్యూటర్ బీరువాలోంచి మొదటి రెండు అక్షరాలు కలిసిన వెక్యూరోనియం తీసింది. అది కండరాలను స్తంభింపజేసే మందు. పేషెంటు చనిపోయింది. 2022లో కోర్టు ఆ నర్సుని నేరస్థురాలని తేల్చి, మూడేళ్ళ ప్రొబేషన్ వేసింది. ఆమె చదవాల్సినవి చదవలేదు. మూత మీదే హెచ్చరిక ఉంది. అందులో నాకు సందేహం లేదు. అయినా ఆ తీర్పు విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. రేపటి నుంచి భయపడిన చెయ్యి ఖాళీ సీసాని ట్రేలో ఉంచుతుందా, డస్ట్‌బిన్‌లో వేస్తుందా? ఆ రోజు నన్ను పోలీసులకి అప్పగిస్తారన్న భయమే ఉంటే, నేను ఆ సీసా చదివి పైకి చెప్పేదాన్నేనా? చెప్పేదాన్నని అనుకోవాలని ఉంది. తెలిసి ఉపేక్షించినవాళ్ళని శిక్షించండి. పొరబడి వెంటనే చెప్పినవాళ్ళని మాత్రం కాపాడాలి. లేకపోతే పేషెంటుకి విరుగుడు అందదు.

మా దగ్గర ఇప్పుడు ఒక నోట్‌బుక్ ఉంది. జరిగిన పొరపాటు, జరగబోయి తప్పినది, రెండూ రాస్తాం. రాసినవాళ్ళ పేరుండదు. మొదటి పేజీలో నా హెపారిన్ సంగతి నేనే రాశాను. కొత్త కంపెనీ సరుకు వస్తే పాత సీసా, కొత్త సీసా పక్కపక్కన పెట్టి డ్యూటీలో ఉన్న అందరికీ చూపిస్తాం. నోటిమాటగా చెప్పిన మందుని తిరిగి చెప్పి, “అవును” అన్నాకే ఇస్తాం. మందు లాగేటప్పుడు ఫోను ఎత్తం. ఎవరైనా, ఆయా అయినా సరే, “ఆగండి” అంటే చెయ్యి ఆగాలి. మూడుసార్లు అనవసరంగా ఆగాం. ఆ మూడుసార్లూ ఆపినవాళ్ళకి థాంక్స్ చెప్పాను. మందస పిల్ల ఇప్పుడు వేరే చోట థియేటర్ ఇన్‌చార్జి. అక్కడా ఖాళీ సీసాలు ట్రేలోనే ఉంటాయట.

చదివేవాళ్ళకి నా విన్నపం. టెక్కలి అయినా, పలాస అయినా, విశాఖ అయినా, ఆపరేషన్‌కి పోతే మాత్రలు కత్తిరించిన ముక్కలు కాదు, పేరున్న పూర్తి అట్టలు కవర్లో వేసుకుని తీసుకెళ్ళండి. ఆఖరిసారి కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంత వచ్చిందో ఆ కాగితం తీసుకెళ్ళండి. కిడ్నీ జబ్బుంటే ఫిస్టులా ఉన్న చెయ్యి, ఇంకా వెయ్యకపోతే డాక్టరు దాచుకోమన్న చెయ్యి చూపించి, ఈ చేతికి సూది వద్దని ముందే చెప్పండి. ఎప్పుడైనా పడని ఇంజెక్షన్ ఉంటే దాని పేరు రాయించి పర్సులో పెట్టుకోండి. సిగ్గుపడొద్దు, దాచొద్దు. టేబుల్ మీద పడుకున్నాక, తెలివి ఉన్నంతసేపూ, మీ చేతిలోకి ఏదైనా ఎక్కించబోతే “ఇదేం మందమ్మా?” అని అడగండి. పేరు చెప్పడానికి మేము ఇంకోసారి సీసా చూస్తాం.